అవధానం, అధ్యాస

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన ఇరవైనలుగురు గురువులను గూర్చి చెప్పిన ఉపాఖ్యానం జిజ్ఞాసువులకు సుపరిచితమే. ఆ గురువులలో బాణాలు చేసే శిల్పి ఒకడు. శరాన్ని ఋజువుగా తీర్చిదిద్దడంలో అతని చిత్తం ఎంతగా లీనమైనదంటే, పక్కనుంచే రాజు సాగిపోయినా ఆ సంగతి అతనికి తెలియలేదు. సాధకుడి చిత్తం ఆత్మవస్తువునందు ఇట్లే నిలవాలని అవధూత ఆ శిల్పి వలన గ్రహించాడు.

కోనసీమలోని ఒక అగ్రహారంలో విశ్రాంత తెలుగు పండితులొకరు ఈ కథను తమ కుమారుడి బాల్యంలో అనేక పర్యాయాలు చెప్పారు. ఒకసారి ఆ బాలుడు, "రాజుగారు ఏదైనా ఆపదలో ఉండి అతణ్ణి పిలిచి ఉంటే ఎలా నాన్నగారూ?" అని అడిగాడు. పండితులు నవ్వి, "అది కథలో లేదురా అబ్బాయ్" అన్నారు. ఆ ప్రశ్న అక్కడితో ముగిసింది. సుమారు ముప్పై సంవత్సరాల తరువాత అది మరొక రూపంలో ఆ ఇంటికే తిరిగి వచ్చింది.

ఆ కుమారుడు ఇప్పుడు హైదరాబాదులో వీడియో ఇంజినీరు. అరచేతిలో ఇమిడే ఫోనులో, క్షీణమైన సిగ్నలు మీద కూడా వీడియో సంభాషణ తెగిపోకుండా సాగేటట్లు దృశ్యాన్ని కుదించడం అతని వృత్తి. ఆ కుదింపు ఎంతటిదో లెక్క చూస్తే గాని బోధపడదు. అడ్డంగా 640, నిలువుగా 480 బిందువులు గల చిన్న దృశ్యాన్ని తీసుకుందాం. ప్రతి బిందువు వర్ణానికి 24 బిట్లు, సెకనుకు 30 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు సుమారు 22 కోట్ల బిట్లు. కొబ్బరితోటల నడుమనున్న ఆ అగ్రహారానికి సాయంకాలం వేళ అందే సిగ్నలు సెకనుకు లక్షన్నర బిట్లు మోయగలిగితే ఎక్కువ. అనగా సుమారు 1,500 వంతులలో ఒక్క వంతు మాత్రమే గమ్యం చేరగలదు. ఏది గ్రాహ్యం, ఏది త్యాజ్యం అన్న వివేకమే ఈ విద్యకు ప్రాణం.

ఆ త్యాగంలో కొంత నిర్దోషమైనది. వెనుకనున్న గోడ గత ఫ్రేములో ఎట్లున్నదో ఈ ఫ్రేములోనూ అట్లే ఉంటుంది. దానిని మరల పంపనక్కరలేదు, "మునుపటి వలెనే" అన్న సంకేతం చాలు. తరువాతి మెట్టు సూక్ష్మమైనది. దృశ్యాన్ని చిన్న చిన్న చతురస్రాలుగా విభజించి, ఒక్కొక్క చతురస్రాన్ని మందగతి తరంగాలుగా, శీఘ్రగతి తరంగాలుగా విశ్లేషిస్తారు. ఈ డిస్క్రీట్ కోసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితాన్ని 1974లో నాసిర్ అహమ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు ప్రకటించారు. బెంగళూరులో జన్మించిన అహమ్మద్ 1972లో ఈ పరిశోధనకై అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ధనసహాయం కోరగా, అది నిరాకరింపబడింది. ఆలోచన మరీ సరళంగా ఉన్నదని ఒక పరిశీలకుడు అభిప్రాయపడినట్లు అహమ్మద్ తరువాత స్వయంగా వ్రాశాడు. నేడు మన ఫోనులలోని ఛాయాచిత్రాలలో, చలనదృశ్యాలలో అత్యధికం ఆ సరళమైన ఆలోచన మీదనో, దాని సంతతి మీదనో ఆధారపడి ఉన్నవి.

తరంగాలుగా విడదీసిన పిదప క్వాంటైజేషన్ వస్తుంది. ఒక్కొక్క తరంగపు పరిమాణాన్ని యథాతథంగా గాక, ఎంచుకున్న మెట్టుకు సరిపెట్టి చెప్పడం. వర్తకుడు పైసలు వదలి రూపాయలలో లెక్క చెప్పినట్లు, మెట్టు పెద్దదైనకొద్దీ బిట్లు ఆదా అవుతాయి, సూక్ష్మాంశాలు నశిస్తాయి. 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణంలో ఈ మెట్టును 0 నుండి 51 వరకు గల ఒక అంకె శాసిస్తుంది. ఆ అంకె 6 పెరిగినప్పుడల్లా మెట్టు రెట్టింపవుతుంది. ఇక్కడ పోయినది తిరిగి రాదు. కనుక, ఎక్కడ పోగొడితే మనిషికి లోపం తెలియదు అన్న ప్రశ్న పుడుతుంది. దానికి సమాధానం యంత్రంలో లేదు, కంటిలో ఉంది.

కన్ను తానే ఒక మహా సంక్షేపకారిణి. రెటీనాలో కాంతిని గ్రహించే కణాలు సుమారు 10 కోట్లు. మెదడుకు వార్త మోసుకుపోయే నాడీతంతువులు సుమారు 10 లక్షలే. రెటీనా మధ్యనున్న ఫోవియా అనే చిన్న గుంటలో మాత్రమే చూపు అతి తీక్ష్ణం. చేయి చాచి బొటనవ్రేలి గోరును చూస్తే, అది ఆక్రమించినంత మేర ఎంతో, మనకు సంపూర్ణ స్పష్టతతో కనబడే మేర దాదాపు అంతే. తక్కినదంతా అస్పష్టం. అయినను జగత్తు అంతటా స్పష్టంగా ఉన్నట్లు మనకు తోస్తుంది. కన్ను సెకనుకు సుమారు మూడు పర్యాయాలు ఒక చోటినుండి మరొక చోటికి దుముకుతూ ఉంటుంది. ఆ ముక్కలను మనస్సు కూర్చి, నడుమనున్న ఖాళీలను పూరించి, అఖండమైన దృశ్యాన్ని మన ముందు నిలుపుతుంది.

మన దార్శనికులు ఈ సంగతిని కంటి నిర్మాణం నుండి గాక అనుభవం నుండి గ్రహించారు. ఇంద్రియాలన్నీ తమ విషయాలతో కూడి ఉన్నప్పటికీ అనేక జ్ఞానాలు ఏకకాలంలో పుట్టవు. ఆ పుట్టకపోవడమే మనస్సు ఉన్నదనడానికి గుర్తు అని గౌతముని న్యాయదర్శనం. నైయాయికుల మతంలో మనస్సు అణుపరిమాణం, ఒక క్షణాన ఒక ఇంద్రియంతోనే దానికి సంయోగం. బృహదారణ్యకం ప్రథమాధ్యాయంలో ఇంకా ఇంటిభాషలో ఈ విషయమే ఉన్నది. మనస్సు వేరొకచోట ఉన్నందున చూడలేదని, వినలేదని లోకులు అంటూ ఉంటారు గదా, కనుక చూసేదీ వినేదీ మనస్సుతోనే అని శ్రుతి నిరూపిస్తుంది.

ఆధునికులలో దృష్టి ఎక్కడ నిలుస్తుందో కొలిచి చూపినవారిలో రష్యా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ యార్బుస్ ప్రసిద్ధుడు. 1967లో ఆంగ్లంలోకి వచ్చిన అతని గ్రంథంలో ఒక ప్రయోగం ఉన్నది. ఇల్యా రేపిన్ చిత్రించిన పటం ఒకటి. ప్రవాసం నుండి ఒకడు అకస్మాత్తుగా ఇల్లు చేరాడు; ఒక వృద్ధురాలు కుర్చీ నుండి లేస్తున్నది; తక్కినవారు నివ్వెరపోయి చూస్తున్నారు. ఆ పటాన్ని చూపి, ఈ కుటుంబం సంపద ఎంత అని అడిగితే కన్ను వస్త్రాల మీద, సామగ్రి మీద తిరిగింది. వయస్సులు ఎంత అని అడిగితే ముఖాల మీదనే నిలిచింది. పటం మారలేదు, ప్రశ్న మారింది. ప్రశ్నను బట్టి చూపు మారింది.

1998లో లారెంట్ ఇట్టి, క్రిస్టఫ్ కోఖ్, ఎర్న్‌స్ట్ నీబర్ ఈ దృష్టిగతిని గణితంగా రూపొందించారు. వర్ణం, కాంతి, రేఖల దిశ అన్న మూడింటిలో పరిసరాలకన్న భిన్నంగా ఉన్న చోటును లెక్కించి, కన్ను ముందు ఎటు పోతుందో యంత్రం ఊహిస్తుంది. 2004లో ఇట్టి చలనాన్ని కూడా చేర్చి, ఆ ఊహను వీడియో కుదింపుకు అన్వయించాడు. చూపు నిలిచే చోట సూక్ష్మత, నిలవని చోట స్థూలత. ఫోనుకు ఇది ద్విగుణమైన లాభం. బిట్లు ఆదా అవుతాయి. అప్రధానమైన చతురస్రాలలో చలనాన్ని వెదికే శ్రమ తగ్గుతుంది గనుక బ్యాటరీ కూడా నిలుస్తుంది.

మన ఇంజినీరు చేసినది ఈ మార్గంలో ఒక చిన్న అడుగు. వీడియో సంభాషణలో మనుష్యుడు చూసేది ఎదుటివాడి ముఖాన్నే అన్న నిశ్చయంతో, ముఖమున్న చతురస్రాలకు బిట్లు సమృద్ధిగా ఇచ్చి, వెనుకనున్నవాటికి ఆ అంకెను 12 పెంచాడు. అనగా వెనుకభాగంలో మెట్టు నాలుగింతలు. ఫలితం అద్భుతం. ఇంతకుముందు ముక్కలు ముక్కలుగా తెగిపోయే ముఖం లక్షన్నర బిట్లలోనే నిర్మలంగా వచ్చింది. దానిని తొలుత పరీక్షించినది తన తల్లిదండ్రులతోనే. తండ్రిగారి అనుమతితో వారి ఫోనులో మరొక ఏర్పాటు చేశాడు. కుదించడానికి ముందరి దృశ్యం కూడా అధిక నాణ్యతతో అందులోని మెమరీ కార్డులో నిలువ ఉంటుంది. తరువాత రెండింటినీ పోల్చి చూసుకోవడానికి.

ప్రతి ఆదివారం సాయంకాలం సంభాషణ జరిగేది. తండ్రి వీధిఅరుగు మీద కూర్చుని ఫోను ఎదురుగా పట్టుకునేవారు. ఆయన కనుబొమల నెరుపు, విభూతి రేఖలు, నవ్వినప్పుడు పడే ముడుతలు అన్నీ స్పష్టం. వెనుక, గుమ్మం పక్కన పీట మీద తల్లి కూర్చుని ఉండేది. ఆమె తెల్లని ఒక మరక వలె కనిపించేది. ఆ మరక మధ్యలో, ఒడి దగ్గర, ఏదో మెల్లగా కదులుతూ ఉండేది. అతనికి అది సుపరిచితం. ఆమె సాయంకాలాలలో దీపానికి వత్తులు చేస్తుంది. చిన్నతనం నుండి ఆ భంగిమ ఎరిగినదే. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ దూది నలుగుతూ, పీచు తీగగా సాగుతూ ఉండడం అతని జ్ఞాపకంలో ఇల్లు అన్న శబ్దానికి పర్యాయపదం.

సంక్రాంతికి ఇల్లు చేరినప్పుడు తల్లి కుడిచేయి ఒడిలో వణుకుతున్నది. దూది లేదు. వ్రేళ్ళు మాత్రం దూదిని నలుపుతున్నట్లే ఒకదానితో ఒకటి రాసుకుంటున్నవి. భోజనం దగ్గర తండ్రి అన్నం కలిపి ముద్దలు ఆమె విస్తరిలో పెట్టడం, ఆమె ఎడమచేత్తో తినడం అతడు చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. మూడవనాడు ముగ్గురూ కాకినాడ వెళ్ళారు. నరాల వైద్యుడు ఆమె నడకను చూసి, చేతిని మణికట్టు దగ్గర వంచి చూసి, పార్కిన్సన్ వ్యాధి అన్నాడు. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించినది ఇదే. ఆయుర్వేదం కంపవాతమంటుంది. విశ్రాంతిగా ఉన్న చేయి సెకనుకు నాలుగు నుండి ఆరు మార్లు కంపించడం, బొటనవ్రేలు చూపుడువ్రేలితో మాత్ర చుట్టుతున్నట్లు కదలడం దీని ప్రసిద్ధ లక్షణాలు.

"ఎప్పటినుంచి?" అని వైద్యుడు అడిగాడు.

"ఆషాఢం నుంచి" అన్నారు తండ్రి.

ఆషాఢం నుండి పుష్యం వరకు ఎన్ని ఆదివారాలు గడిచాయో లెక్కించడానికి అతడికి వ్రేళ్ళు చాలలేదు.

రాత్రి తండ్రి చెప్పిన మాట ఒకటి ఉన్నది. "మీ అమ్మే వద్దంది. 'వాడు కొత్త పనిలో ఉన్నాడు, ఇప్పుడు చెప్పకండి, వాడే చూస్తాడు కదా' అంది. నేను సరే అన్నాను." ఆ 'వాడే చూస్తాడు' అన్న అయిదక్షరాల భరోసా అతణ్ణి ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

మెమరీ కార్డు తీసుకుని హైదరాబాదు వచ్చాడు. తన పద్ధతియే దోషి అని అతని నిశ్చయం. విచారణకు సాక్ష్యం చేతిలోనే ఉన్నది. కుదించిన దృశ్యాన్నీ, మూలదృశ్యాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. శంక నిజమే. మూలంలో వణుకు ఉన్నది. కుదించినదానిలో, తక్కువ వెలుతురులో తెల్లచీర మీద తెల్లని చేతి చిన్న కదలికను స్థూలమైన మెట్టు మ్రింగివేసింది. కొన్ని చతురస్రాలకు "మునుపటి వలెనే" అన్న సంకేతమే వెళ్ళింది. మిగిలినది ఒక మందమైన చలనం మాత్రమే. దానిని చూసి వత్తులు అనుకోవడం ఎవరికైనా సహజమే.

బ్రహ్మసూత్రభాష్య ప్రారంభంలో శంకరభగవత్పాదులు అధ్యాసను నిర్వచించిన తీరు అతనికి తండ్రి చెప్పగా తెలుసు. వేరొకచోట మునుపు చూసినది, స్మృతిరూపంలో, ఇక్కడ భాసించడం. రజ్జువునందు సర్పం. మసకచీకటిలో త్రాడు ఇదమిత్థమని తెలియదు. ఆ తెలియని చోటులోనే జ్ఞాపకంలోని పాము వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఆ మసకచీకటిని సృష్టించినది తన గణితం. వ్యాధి అనే పామును అది కప్పిపెట్టింది. దాని మీద వత్తి అనే త్రాటిని మనస్సు పరచింది. తీర్పు వ్రాయడానికి అతడు సిద్ధంగా ఉన్నాడు.

కాని ఫైళ్ళలో ఒకటి మిగిలింది. కార్తికమాసంలో ఒక ఆదివారం తల్లిదండ్రులు అమలాపురంలో బంధువుల ఇంట్లో ఉన్నారు. అక్కడ బ్రాడ్‌బ్యాండు ఉన్నది. బిట్లకు కొరత లేదు గనుక ఆనాడు అతని పద్ధతికి దేనినీ త్యజించే అవసరం రాలేదు. అతనికి చేరిన దృశ్యమే అంచునుండి అంచువరకు నిర్మలం. అది తెరిచాడు. దీపాల వెలుగులో తల్లి చేయి స్పష్టంగా కనబడుతున్నది. ఒడిలో దూది లేదు, పళ్ళెం లేదు. వణికే వ్రేళ్ళు ఉన్నవి. పదకొండు నిమిషాల సంభాషణలో ఒకచోట తన కంఠమే నవ్వుతూ వినిపించింది: "అక్కడా వత్తులేనా అమ్మకి?"

తండ్రి ఒక క్షణం ఆగారు. వెనక్కి తిరిగి చూశారు. "ఆఁ" అని, మాట మార్చారు. తల్లి తల ఎత్తి కెమెరా వైపు చూసింది. ఎడమచేతిని కుడిచేతి మీద ఉంచి అదిమిపెట్టింది.

తరువాత వినిపించినది మళ్ళీ తన కంఠమే. "నాన్నగారూ, కొంచెం వెలుతురు వైపు తిరగండి. ముఖం అంచు ఎలా వస్తోందో చూడాలి."

ఆ ఫైలును అతడు మూడుసార్లు చూశాడు. సర్పభ్రాంతికి మసకచీకటి కావాలి. పట్టపగలు త్రాటిని చూసి ఎవడూ పామనుకోడు. ఇక్కడ దీపాలు వెలుగుతున్నవి, దృశ్యం నిర్మలం, చిత్రంలో ఏ బిట్టూ పోలేదు. అయినను అధ్యాస జరిగింది. కాబట్టి కారణం మసక కాదు. ఆషాఢం నుండి అతడు ఆ తెర ముందు కూర్చున్నది ఒకే ప్రశ్నతో: ముఖం ఎలా వస్తోంది? యార్బుస్ చూపినట్లు, ప్రశ్న ఎటు పోతే కన్ను అటే పోయింది. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ ఛాబ్రిస్ చేసిన ప్రయోగం అతడు సహోద్యోగులకు ఎన్నోసార్లు వినోదంగా చూపి ఉన్నాడు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమంటే, నడుమకు వచ్చి గుండెలు బాదుకుని వెళ్ళిన గొరిల్లా వేషధారిని సగంమంది చూడనే లేదు. ఆ సగంమందిలో తానూ ఒకడినని ఇంతవరకు అతనికి తోచలేదు.

తండ్రికి ఫోను చేసి ఆ ఫైలు సంగతి చెప్పాడు. అవతల కొంతసేపు నిశ్శబ్దం.

"నీ యంత్రం మీద పడకు నాయనా. దాచినవాణ్ణి నేను. వెనక్కి తిరిగి చూసి కూడా 'ఆఁ' అన్నాను కదా."

"మీరు దాచలేదు నాన్నగారూ. నా ఎదురుగానే ఉంది."

పండితులు యౌవనంలో గోదావరి జిల్లాలలో జరిగిన అష్టావధానాలలో పృచ్ఛకులుగా కూర్చున్నవారు. ఎక్కువగా వారికి అప్పగించినది ఘంటాగణనం. అవధాని ఒకరికి సమస్యాపూరణం చేస్తూ, మరొకరికి దత్తపది చెబుతూ, అప్రస్తుత ప్రసంగి విసిరే చమత్కారాలకు బదులిస్తూ ఉండగా, మధ్యమధ్య ఎప్పుడో గంట మోగుతుంది. మొత్తం ఎన్ని మోగినవో చివరకు అవధాని చెప్పాలి.

"నేను గంట కొడుతూ చూసేవాణ్ణి" అన్నారు ఆయన. "మంచి అవధాని గంట వైపు చూడడు, గంట కోసం ఎదురూ చూడడు. మోగినప్పుడు మాత్రం తప్పిపోడు. ఎందుకంటే కూర్చునే ముందే దానికి మనసులో ఒక చోటు ఇచ్చి ఉంచుతాడు. పద్యం ఎంత కష్టమైనా ఆ చోటు పద్యానికి ఇవ్వడు."

"మరి శరకారుడో నాన్నగారూ? అతడు రాజుకు చోటు ఇవ్వలేదు."

"అతనికి రాజుతో పని లేదురా. నీకు అమ్మతో పని ఉంది."

ఈ సమాధానంలో శాస్త్రసమ్మతమైన వివేకం ఒకటి ఉన్నది. ఏకాగ్రత స్వయంగా గుణమూ కాదు, దోషమూ కాదు. చిత్తాన్ని ఒక దేశంలో బంధించడం ధారణ అని పతంజలి. ఆ దేశం ఏదో నిర్ణయించవలసిన భారం సాధకుడిది. శరకారుడికి శరం స్వధర్మం. కుమారుడు ఆదివారం సాయంకాలం తల్లిదండ్రుల ముందు కూర్చున్నప్పుడు స్వధర్మం ముఖపు అంచు నాణ్యత కాదు. అణుపరిమాణమైన మనస్సు దేనినో ఒకదానిని వదలక తప్పదు. కంటికి త్యాగం ప్రకృతి, ఫోనుకు త్యాగం నిర్బంధం. అయితే వదిలినది ఇక లేదు అనుకోవడం, వదిలిన చోట పాత జ్ఞాపకాన్ని పరచి 'చూశాను' అనుకోవడం ఈ రెంటిలోనూ లేవు. అవి మనిషి చేసేవి. యంత్రం తాను వదిలిన చోటును మసకగానే చూపింది; తెలియనిదానిని తెలియనిదిగానే నిలిపింది. దానిని వత్తులుగా చదివినది అతడు.

తన పద్ధతిని అతడు విడిచిపెట్టలేదు. అది లేకపోతే లక్షన్నర బిట్లలో తండ్రి ముఖమూ ఉండదు, సంభాషణా ఉండదు. కొన్ని మార్పులు మాత్రం చేశాడు. వెనుకభాగానికి ముఖానికి నడుమ ఆ అంకె తేడాను 12 నుండి 6కు తగ్గించాడు. వెనుక ఎక్కడైనా ఒక కదలిక ఆగకుండా పునరావృతమవుతూ ఉంటే, "మునుపటి వలెనే" అన్న సంకేతంతో దానిని దాటవేయకుండా, కొద్ది సెకన్లకొకసారి ఆ చతురస్రాలకు బిట్లు ధారాళంగా ఇచ్చే నియమం పెట్టాడు. ఘంటాగణనానికి ఇచ్చే చోటు వంటిదది. మూడవది, చూసేవాడు తెర మీద ఏ చోట వ్రేలు పెడితే ఆ చోటు అవతలి ఫోనుకు తెలిసి, అక్కడ స్పష్టత పెరుగుతుంది. చూపు ఎక్కడ నిలవాలో ఊహించే పని యంత్రానిది, నిర్ణయించే అధికారం చూసేవాడిది. ముఖపు నాణ్యత కొంచెం తగ్గిందని సహోద్యోగులు అన్నారు. తగ్గింది. అతడు అంగీకరించాడు.

ఇప్పుడు ఆదివారాలలో ఫోను మొదట తల్లి చేతిలో ఉంటుంది. మందులు పనిచేస్తున్నవి, వణుకు తగ్గింది, పోలేదు. ఈ వ్యాధిలో చేయి ఏదైనా పనికి పూనుకున్నప్పుడు కంపం శాంతిస్తుంది, ఒకే భంగిమలో కొంతసేపు ఉంచితే మెల్లగా తిరిగి మొదలవుతుంది. అందువల్ల ఆమె ఫోను ఎత్తిన మొదటి క్షణాలలో దృశ్యం నిశ్చలం. తరువాత దృశ్యమంతా కదలడం మొదలిడుతుంది. కుదింపు విద్యకు ఇంతకన్న కష్టమైన పరీక్ష లేదు. ముఖమూ, గోడా, గుమ్మమూ, కొబ్బరిచెట్లూ అన్నీ ఒకేసారి కదులుతాయి. ఏ చతురస్రమూ మునుపటి వలె ఉండదు. బిట్లు అన్ని దిక్కులకూ చెదిరి, అంతటా మసక కమ్ముకుంటుంది. ఆ కదలికను గుర్తించి ఫ్రేములను వెనక్కి జరిపి నిశ్చలం చేసే ఉపాయం అతనికి తెలుసు, అది ఆ ఫోనులోనే ఉన్నది. తల్లి ఫోనులో మాత్రం దానిని ఆపివేశాడు.

"బొమ్మ సరిగా రావట్లేదేమో, నాన్నగారికి ఇవ్వనా?" అని ఆమె అడుగుతూ ఉంటుంది.

"వద్దమ్మా, కనబడుతోంది" అంటాడు.

ఎన్ని సెకన్లకు దృశ్యం కదలడం మొదలైందో ఆమె మాటలు వింటూనే మనసులో లెక్కపెట్టుకుంటాడు. గడచిన ఆదివారం తొమ్మిది. అంతకు ముందరి ఆదివారం ఏడు.